సోన్‌పూర్ సంతలో మావయ్య బేరం

గుర్రం బేరం అంటే ఏమిటో నీకు తెలియదు నాయనా. బండి కావాలంటే ఫోనులో బొమ్మ చూస్తావు, కింద రాసిన ధర చూస్తావు, నెలకెంత కట్టాలో లెక్క చూస్తావు, కొనేస్తావు. అమ్మినవాడి మొహం ఎలా ఉంటుందో కూడా నీకు అక్కర్లేదు. మా రోజుల్లో గుర్రాన్ని కొనడానికి ఒక పూట పట్టేది. కొనకుండా పరువుగా తప్పుకోవడానికైతే రెండు రోజులు. ఆ రెండోదే అసలైన విద్య. అది నేను మా మావయ్య దగ్గర చూశాను, బీహారులో సోన్‌పూర్ సంతలో. కథ పెద్దదే, ముందే చెబుతున్నాను. మంటలో పుల్లలన్నీ ఒక్కసారే తొయ్యకు. గుర్రం దగ్గరికి వెళ్ళేసరికి కాస్త నిప్పు మిగలాలి.

అప్పుడు నేను ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పని చేసేవాణ్ణి. ఖరగ్‌పూర్ బెంగాల్లో ఉందన్న మాటేగానీ, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు వాళ్ళు వెళ్ళి స్థిరపడిపోయిన ఊరు. వీధి కుళాయి దగ్గర తగువులన్నీ తెలుగులోనే జరిగేవి. డెబ్బయ్యో దశకం మొదట్లో మాట ఇది. రైళ్ళలో థర్డ్ క్లాసు ఇంకా ఉండేది. 1974లో తీసేశారనుకో. తీసేశారంటే పెట్టె మీద అంకె మార్చి సెకండ్ క్లాసన్నారు, చెక్కబల్ల మాత్రం అదే.

మా మావయ్యకి విజయనగరంలో రెండు జట్కాలుండేవి. ఒకదానికి కట్టే గుర్రం పేరు రాముడు. రెండోదాని పేరు నాకు గుర్తు లేదు, ఎందుకంటే మావయ్య కూడా దాన్ని పేరుతో పిలిచేవాడు కాదు, తిట్టుతోనే పిలిచేవాడు. మనిషి పొట్టి, మీసం పొడుగు. పొద్దున్నే ఉలవలు ఉడకేసి గుగ్గిళ్ళు తొట్టిలో పోస్తూ పోతన గారి గజేంద్రమోక్షం పద్యాలు చదువుకునేవాడు. గుర్రానికి పద్యాలెందుకు మావయ్యా అంటే, "దానికి కాదురా, నాకు. ఈ ఉలవలు అది తింటన్నంతసేపూ ఊరికే నిలబడాలేటి?" అనేవాడు.

ఆ ఏడు దీపావళి వెళ్ళాక మావయ్య మమ్మల్ని చూడ్డానికి ఖరగ్‌పూర్ వచ్చాడు. మా షాపులో ఛప్రా వైపు మనిషి ఒకడుండేవాడు, నా పక్క బెంచీ మీద పని. అతను ఓ ఆదివారం మా ఇంటికి టీకొచ్చి, కార్తీక పున్నానికి వాళ్ళ సారన్ జిల్లాలో పెద్ద సంత జరుగుతుందనీ, గుర్రాలకీ ఏనుగులకీ అంత సంత ఇంకెక్కడా లేదనీ చెప్పాడు. గంగా గండకీ కలిసేచోట హరిహరనాథుడి గుడి ఉందన్నాడు. ఏనుగునీ మొసలినీ పట్టుకుని విష్ణుమూర్తి తగువు తీర్చింది అక్కడేనన్నాడు. మావయ్య చేతిలో గ్లాసు చేతిలోనే ఆగిపోయింది.

"ఏ ఏనుగు? మన పోతన గారి ఏనుగేనా?"

నేను కాస్త చదువుకున్నవాణ్ణి గదా, ఊరుకోలేకపోయాను. భాగవతంలో గజేంద్రుడుండేది త్రికూట పర్వతం మీద, మొసలి పట్టుకున్నది అక్కడి మడుగులో, ఈ నది ఒడ్డుకి ఎలా వస్తుందీ అన్నాను. మావయ్య నా వంక జాలిగా చూశాడు. "ఏనుగన్నాక నడవదేట్రా?" అన్నాడు. అంతటితో ప్రయాణం ఖాయమైపోయింది.

నాకు పాసు ఉంది. రైల్వే వాడికి పాసంటే నీకెలా చెప్పను, అది జేబులో ఉంటే దేశమంతా మన అత్తారిల్లే. మావయ్యకి మాత్రం టిక్కెట్టు కొనాల్సొచ్చింది. "మేనల్లుడు రైల్వేలో ఉండి నేను టిక్కెట్టు కొనడమేటి" అన్న మాట హౌరాలో మొదలుపెట్టి పట్నాలో దిగిందాకా అంటూనే ఉన్నాడు, పక్కవాళ్ళకి తెలుగు రాకపోయినా సరే.

ఇప్పుడైతే పట్నాలో కారెక్కితే గంగ దాటేస్తావు. ఆ గాంధీ సేతు 1982లో గదా తెరిచారు. అప్పటికి వంతెన లేదు. మహేంద్రూ ఘాట్‌లో స్టీమరెక్కాలి, అవతల పహలేజా ఘాట్‌లో దిగాలి, ఇసుకలో పరుగెత్తి మీటర్ గేజ్ రైలు పట్టుకోవాలి. పరుగెత్తాలి అంటే అలంకారానికి అనడం లేదు. స్టీమర్ ఒడ్డుకి తగలగానే సామాన్లు నెత్తినెట్టుకుని ఊరంత జనం పరుగు. సీట్లన్నీ ముందొచ్చినవాడివి. స్టీమర్లో మాత్రం ఆ తొందరేమీ ఉండదు. గంటపైన నీళ్ళమీద కూర్చోవడం, మట్టి ముంతలో టీ తాగడం, తాగి ఆ ముంత గంగలో వదిలెయ్యడం. పదిహేను పైసలు టీ. మావయ్యకి టీ కంటే ముంత నచ్చింది. పారెయ్యడానికి మనసొప్పక కడుక్కుని సంచిలో పెట్టుకున్నాడు. తిరిగొచ్చేసరికి ఆ సంచిలో ముంతలు గలగల్లాడేవి.

సోన్‌పూర్ స్టేషన్లో దిగాక ఒక చిన్న గొడవైంది. ఆ ఊళ్ళో ప్లాట్‌ఫారం చాలా పొడుగు, 738 మీటర్లు. ఒకప్పుడు లోకంలోకెల్లా పొడుగైనది మాదేనని అక్కడి వాళ్ళు చెప్పుకునేవారు. ఆ పేరు తరవాత మా ఖరగ్‌పూర్‌కి దక్కింది. ఖరగ్‌పూర్ వాణ్ణి నేను, చూసి ఊరుకుంటానా? ఈ చివర నుంచి ఆ చివరకి అడుగులు వేసి కొలుస్తూ నడిచాను. మావయ్య మూట పట్టుకుని వెనకాల తిట్టుకుంటూ వచ్చాడు. స్టేషన్ పోర్టరుతో మాదే పెద్దదని చెప్పి గెలిచాననుకో, కానీ ఆ గెలుపెన్నాళ్ళు? 2013లో గోరఖ్‌పూర్ మమ్మల్ని దాటింది, 2023లో హుబ్బళ్ళి దాన్నీ దాటింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. సరే, గుర్రాల మాటని చెప్పి ప్లాట్‌ఫారం మీదే నిలబెట్టేశాను నిన్ను. పద, నదికి పోదాం.

కార్తీక పున్నమి అంటే శరదృతువులో ఆఖరి పున్నమి. ఆ తెల్లారుజామున గండకిలో స్నానం చేసే జనాన్ని చూస్తే, మన కృష్ణలోనూ గోదావరిలోనూ మునిగేవాళ్ళు గుర్తుకొచ్చారు. అదే వణుకు, అదే గోవింద. మా అత్తయ్య మూడువందల అరవైఅయిదు వత్తుల కట్ట ఇచ్చి పంపింది, ఆ ఒడ్డున వెలిగించాం. గండకిలోనే సాలగ్రామాలు దొరుకుతాయని ఆవిడకి ఎవరో చెప్పారు. అవి దొరికేది ఎగువన, నేపాలు కొండల్లో. దిగువన సంతలో దొరికేది సాలగ్రామాలమ్మేవాళ్ళు. మావయ్య ఒకడి దగ్గర బేరమాడకుండా అయిదు రూపాయలిచ్చి నున్నటి నల్లరాయి ఒకటి కొన్నాడు. గుర్రం పళ్ళు చూసి వయసు నెలల్తో సహా చెప్పే మనిషి, రాయి దగ్గర ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. "దేవుడి దగ్గర బేరమేటిరా" అన్నాడు. అత్తయ్య దాన్ని బతికున్నన్నాళ్ళూ పూజించింది. దేవుడికి అభ్యంతరం ఉన్నట్టు ఎప్పుడూ కనబడలేదు.

హరిహరనాథుడి గుళ్ళో హరీ హరుడూ ఒక్కచోటే. ఒక్క కొబ్బరికాయతో ఇద్దరికీ సరిపోయిందని మావయ్య సంతోషించాడు. తరవాత ఏనుగుల బజారు చూశాం. మామిడితోపులో వరసలు వరసలుగా నిలబడి ఉన్నాయి, నుదుటి మీద రంగులేసి. చంద్రగుప్త మౌర్యుడు తన సైన్యానికి ఏనుగుల్నీ గుర్రాల్నీ ఇక్కడే కొన్నాడని సంతలో ప్రతివాడూ చెబుతాడు. పాటలీపుత్రం నది అవతలే గదా, అయినా అవ్వచ్చు. రసీదు మాత్రం ఎవరి దగ్గరా లేదు. నువ్వు ఇప్పుడు వెళితే ఏనుగుల్ని ఆ వరసల్లో చూడలేవులే. వన్యప్రాణుల చట్టం బిగించాక వాటి అమ్మకం ఆగిపోయింది, అదీ మంచిదే అయింది. ఇప్పుడక్కడ జనం చేరేది గుర్రాల దగ్గరే. అప్పట్లోనూ మా మావయ్యకి అంతే. ఏ ఏనుగు కోసం వచ్చాడో ఆ ఏనుగు వైపు రెండు దణ్ణాలు పెట్టి, మిగతా సంతంతా గుర్రాలకే ఇచ్చాడు.

గుర్రాల బజారు సంగతి నెమ్మదిగా చెప్పనీ. తొందరైతే వెళ్ళి అన్నం తినేసి రా, నేనిక్కడే ఉంటాను.

అది కూడా మామిడితోపే. దొరల కాలంలో నీలిమందు తోటల దొరలు ఆ తోపుల్లోనే డేరాలు వేసుకుని, గుర్రప్పందాలు పెట్టుకుని, రాత్రిళ్ళు డాన్సులాడేవారట. నీలిమందు పోయింది, దొరలు పోయారు, జమీందారీలూ పోయాయి. గుర్రం మాత్రం ఎవడో ఒకడి పేరు చెప్పుకుని మిగిలింది. ఒక పక్క ఎక్కా బళ్ళకీ టమ్‌టమ్ బళ్ళకీ కట్టే పొట్టి గుర్రాలు. ఇంకో పక్క పెళ్ళి ఊరేగింపులకి తెల్లగుర్రాలు, వాటిని నుక్రా అంటారు, మూతి దగ్గర చర్మం గులాబీరంగు. బ్యాండుమేళం వాళ్ళు వాటి చుట్టూ తిరుగుతుండేవారు. లోపలికి వెళితే పంజాబు నుంచీ రాజస్థాన్ నుంచీ వచ్చిన పొడుగు గుర్రాలు, ముందుకాళ్ళకో పగ్గం, వెనక కాళ్ళకో పగ్గం వేసి, ఒంటిమీద జూలు కప్పి ఉండేవి. చెట్టు కింద ఒకడు లాడాలు కొడుతున్నాడు. ఇంకొకడు గంటలు, కుచ్చులు, కళ్ళేలు, కొరడాలు పరుచుకుని కూర్చున్నాడు. మామిడాకుల వాసనా, లద్దె వాసనా, పిడకల పొగా కలిసిన గాలి. మావయ్య ఆ గాలి ఒకసారి గట్టిగా పీల్చి, "ఇదిరా కైలాసం" అన్నాడు. వచ్చింది వైకుంఠం వాడి కోసం గదా అని నేననలేదు.

తిండి దగ్గర మాత్రం ఆయనకి కష్టమైంది. అక్కడ లిట్టీ అని అమ్మేవారు. గోధుమపిండి ఉండలో వేయించిన శనగల పిండి కూరి పిడకల మీద కాలుస్తారు, వంకాయ పచ్చడి నంజుకుంటారు. బాగుంటుంది, నాకిష్టమే. మావయ్య ఒకటి కొరికి లోపలేముందని అడిగాడు. శనగపిండన్నాను. అక్కడి గుర్రాలకి కూడా మనలా ఉలవలు కాదు, శనగలే దాణా. "అయితే గుర్రానికీ మనిషికీ ఒకే వంటన్నమాట" అన్నాడు. అది ఎగతాళి అనుకున్నాను గానీ, ఆ మాట అన్నాక ఇంకో నాలుగు మర్యాదగా తిన్నాడు.

ఇక అక్కడి మర్యాదలు. ఎదుటివాడి గుర్రాన్ని చూసి "ఎంతకిస్తావ్" అని అడగడం తప్పు. ముందు దూరంగా నిలబడాలి. గుర్రాన్ని కాదు, దాని పక్కనున్న మనిషిని పలకరించాలి. ఏ ఊరు, దారిలో చలెలా ఉంది, ఎన్నాళ్ళుగా ఉంది ఇది మీ దగ్గర, దీని తల్లి ఎవరు. అప్పుడు చుట్టో బీడీయో మార్చుకోవాలి. మావయ్య చుట్టలు సంచినిండా తెచ్చుకున్నాడు. అవి అందుకున్నవాడల్లా ఒక దమ్ము లాగి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకుని ఆయనకి స్నేహితుడైపోయాడు. భాష రాదుగా, ఎలా మాట్లాడతాడని నా భయం. ఏ భాషా అక్కర్లేకపోయింది. గుర్రం నోరు తెరిస్తే చాలు, ఇద్దరూ ఒకే పుస్తకం చదువుతారు.

ఆ పుస్తకం నీకూ చెబుతాను, రేపు నువ్వు గుర్రం కొంటావని కాదులే. గుర్రానికి రెండున్నరేళ్ళకి మధ్య పాలపళ్ళు ఊడి అసలు పళ్ళొస్తాయి, తరవాత పక్కవి. అయిదేళ్ళకి ముందుపళ్ళు పూర్తి. కింది పళ్ళ మీద నల్లటి గుంటలుంటాయి. ఆరో ఏట మధ్యవి అరిగిపోతాయి, ఏడుకి పక్కవి, ఎనిమిదికి చివరివి. అక్కణ్ణుంచి వయసు చెప్పడం పళ్ళ వాలు చూసి చెప్పాలి. మరి ముసలి గుర్రాన్ని అమ్మాలనుకున్నవాడు ఊరుకుంటాడా? సన్నటి చువ్వ కాల్చి అరిగిన పంటి మీద గుంట పెట్టేస్తాడు. దేవుడు పెట్టిన గుంట చుట్టూ తెల్లటి అంచుంటుంది, మనిషి పెట్టినదానికి ఉండదు. మావయ్య అలాంటిది ఒకటి పట్టుకున్నాడు. పట్టుకుని ఏమన్నాడనుకున్నావు? ఏమీ అనలేదు. పెదవి మూసి, గుర్రం మెడ నిమిరి, ఆ మనిషికి ఒక చుట్ట ఇచ్చి ముందుకు నడిచాడు. సంతలో ఒకడి సరుకుని పదిమందిలో తప్పు పట్టకూడదని ఆయన నియమం. ఆ మనిషి మాత్రం చుట్ట వెలిగించుకోకుండా చాలాసేపు మా వైపు చూస్తూ ఉండిపోయాడు.

అలా ఒక పగలంతా తిరిగి, రాత్రి డేరాలో వరిగడ్డి మీద పడుకున్నాం. నౌటంకీ నాటకం వాళ్ళ డప్పు తెల్లవార్లూ వినపడుతూనే ఉంది. నేను లేచి వెళ్ళి కాసేపు చూసొచ్చాను, మీ నాయనమ్మకి ఈ ముక్క చెప్పకు. మర్నాడు పొద్దున్నే వెళ్ళేసరికి, తోపు చివర ఉన్నది ఆ గుర్రం.

ఆడగుర్రం. ఎర్రటి ఒళ్ళు, నాలుగు కాళ్ళూ మోకాళ్ళ కింద తెలుపు, నుదుటి నుంచి ముక్కు దాకా తెల్లచార. పంచకల్యాణి. చెవుల కొసలు రెండూ లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతున్నాయి, మార్వాడీ జాతికి అదే గుర్తు. ఈగ వాలితే చర్మం ఒక్కచోటే వణికించేది, తక్కిన ఒళ్ళు కదిలేది కాదు. మావయ్య దాని ముందు నిలబడి తలపాగా సర్దుకున్నాడు. పెళ్ళిచూపులకొచ్చిన పెద్దమనిషిలా ఒక్క మాట లేకుండా చుట్టూ తిరిగాడు.

యజమాని గోరఖ్‌పూర్ వైపు వ్యాపారి, మంచి ఒడ్డూ పొడుగూ మనిషి. పద్దెనిమిది వందలన్నాడు. అప్పుడు తులం బంగారం రెండొందల చిల్లర, నా జీతం నెలకి రెండొందల యాభై లోపు. మా ఇద్దరి దగ్గరా కలిపి నూటయాభై రూపాయలుంటాయేమో, అందులో తిరుగు టిక్కెట్టు కూడా తియ్యాలి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నేను మెల్లిగా, "మావయ్యా, ఇది జట్కాకెందుకు?" అన్నాను. ఆయనకి నిజంగా కోపమొచ్చింది. "ఇలాటిదాన్ని జట్కాకి కట్టేవోడు మనిసేట్రా?" అన్నాడు. మరెందుకంటే జవాబు లేదు. భుజం మీది తువ్వాలు తీసి అప్పటికే చేతిమీద పరిచేశాడు.

తువ్వాలు బేరం నీకు తెలుసా? మన పశువుల సంతల్లోనూ ఉండేది. కొనేవాడి చెయ్యీ అమ్మేవాడి చెయ్యీ గుడ్డ కింద కలుస్తాయి. పట్టుకున్న వేళ్ళని బట్టి వందలూ పదులూ. పైకి మాత్రం వర్షాల సంగతి మాట్లాడుకుంటారు. ఎందుకలా అంటే, చుట్టూ చేరినవాడికి ధర తెలియకూడదు. తెలిస్తే అటుపక్క కొనేవాడు దాన్నే పట్టుకుంటాడు. పైగా బేరం చెడినా ఎవడెంతకి దిగాడో లోకానికి తెలియదు, ఇద్దరి పరువూ గుడ్డ కిందే ఉంటుంది. మీ ధరల చీటీల కంటే ఇదే నాగరికం అనిపిస్తుంది నాకు. నువ్వొప్పుకోవులే.

మావయ్య ఏడు వందల దగ్గర మొదలుపెట్టాడు. తరవాత చెప్పాడు నాకు. అంత తక్కువ చెబితే వాడు కసురుకుని పొమ్మంటాడు, గుర్రం పక్కన ఇంకో గడియ నిలబడ్డట్టూ ఉంటుంది, బేరమాడిన గౌరవమూ దక్కుతుందని ఎత్తు. వాడు కసురుకోలేదు. నవ్వి, ఒక వేలు తగ్గాడు. మర్యాదకి మావయ్య ఒక వేలు పెరిగాడు. వాడు మళ్ళీ తగ్గాడు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అంటారు. ఇక్కడ అంతా తలకిందులు. అమ్మేవాడు కరిగిపోతున్నాడు, కొనేవాడికి చెమటలు. దలాలీ చేసే గడ్డపు ముసలాయన ఒకడు మధ్యలో కూర్చుని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఎండ తోపులోంచి ఇవతలికి వచ్చేసింది. జనం చుట్టూ చేరారు. వ్యాపారి హఠాత్తుగా చెయ్యి బయటికి లాగి, మావయ్య అరచేతి మీద ఫెళ్ళుమని కొట్టాడు. బేరం ఖాయం. పదకొండు వందలు.

నేను రైల్వే వాణ్ణి గదా, నా బుర్రలో మొట్టమొదట వచ్చింది గుర్రాన్ని విజయనగరం చేర్చడానికి కిరాయి ఎంతవుతుందీ అన్న లెక్క. మీటర్ గేజ్ నుంచి దింపాలి, స్టీమరెక్కించాలి, మళ్ళీ బ్రాడ్ గేజ్. ఆ లెక్క తెగేలోపు మావయ్య మొహం చూశాను. మీసం తప్ప తక్కినదంతా పాలిపోయింది.

అప్పుడు చూడాలి ఆ మనిషి విద్య. కంగారు పడలేదు. తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. చివరిసారి చూసుకుంటానని సైగ చేసి మళ్ళీ గుర్రం చుట్టూ తిరిగాడు, ఈసారి ఇంకా నెమ్మదిగా. గిట్టలు చూశాడు, తోక ఎత్తాడు, రొమ్ము తడిమాడు. మొహం దగ్గరికి వచ్చి ఆగాడు. ఎడమకంటి కింద వేలు పెట్టి, తల అడ్డంగా ఊపాడు.

సుడి.

గుర్రానికి సుడులు చూడ్డం మనకే కాదు, వాళ్ళకీ ఉంది. మెడ కింద సుడి ఉంటే అదృష్టం, కంటి కింద ఉంటే ఇంట్లో కన్నీళ్ళు పెట్టిస్తుందని భయం. వ్యాపారి గయ్యిమన్నాడు. అది కంటి కింద కాదు, చెంప మీద, అసలు సుడే కాదు, వెంట్రుకలు నలిగాయంతే అన్నాడు. నలుగురూ ముందుకొచ్చి చూశారు. ఇద్దరు సుడి అన్నారు, ఇద్దరు కాదన్నారు. ఒకడు తడిగుడ్డతో తుడిచి చూడమన్నాడు. నేను వంగి చూశాను. నాకైతే అక్కడ గుర్రం తప్ప ఏమీ కనబడలేదు.

ఆ గడ్డపాయన లేచాడు. గుర్రం దగ్గరికి వెళ్ళకుండా ముందు నా దగ్గరికి వచ్చి, చెవిలో హిందీలో అడిగాడు: "మీ పెద్దాయన దగ్గర డబ్బుందా?"

నేను చెట్టు వైపు చూశాను. ఆయనకి అర్థమైపోయింది. గడ్డంలో నవ్వుకుని, గుర్రం దగ్గరికి పోయి, కళ్ళు చికిలించి, ఎడంకంటి కిందంతా తడిమి, అందరికీ వినపడేలా తీర్పు చెప్పాడు. ఉంది, కానీ సగం సుడి. ఉత్తరాదివాళ్ళకి పట్టింపు లేదు, దక్షిణాదివాళ్ళకి పనికిరాదు. కాబట్టి వ్యాపారి తప్పూ లేదు, కొనేవాడి తప్పూ లేదు. గుర్రం తప్పు అసలే లేదు.

వ్యాపారి ఒక్క క్షణం ముసలాయన మొహం చూశాడు, మావయ్య చిరుగు చొక్కా చూశాడు, ఫక్కున నవ్వేశాడు. అందరికీ టీ చెప్పాడు. మావయ్య చుట్టల కట్ట మొత్తం ఆయన చేతిలో పెట్టాడు. పదకొండు వందల బేరం చెడినచోట అంత సంతోషంగా టీ తాగినవాళ్ళని నేను మళ్ళీ చూడలేదు. సాయంత్రం అదే గుర్రాన్ని పట్నా వాళ్ళెవరో తీసుకుపోతుంటే, మావయ్య లేచి నిలబడి చూశాడు. ఎంతకి పోయిందని మాత్రం అడగలేదు. అది గుడ్డ కింద మాట.

తిరుగుప్రయాణంలో మావయ్య రాముడి కోసం గంటల పట్టీ ఒకటి, ఎర్రకుచ్చులూ కొన్నాడు. ఏడు రూపాయలు. విజయనగరం వెళ్ళి మెడలో కడితే, రాముడు ఆ చప్పుడుకి బెదిరి మూడులాంతర్ల కూడలి దాకా జట్కాని వెనక్కి నడిపించాడు. రౌతు మెత్తనైతే గుర్రం మూడుకాళ్ళ మీద నడుస్తుందంటారు, వాడు నాలుగు కాళ్ళ మీదా వెనక్కి నడిచాడు. ఆ గంటలు తీసి అత్తయ్య దూడ మెడలో కట్టింది. మట్టిముంతలు పిల్లలు పగలగొట్టేశారు.

ఆ పంచకల్యాణి మాత్రం ఎక్కడికీ పోలేదు. జట్కా స్టాండులో ప్రతి కార్తీకానికీ ఆ కథ నడిచేది. సోన్‌పూర్‌లో పద్దెనిమిది వందల గుర్రాన్ని కంటి కింద సుడి ఉందని వద్దనేశానని చెప్పేవాడు. రెండేళ్ళకి అది మూడు వేల గుర్రమైంది. జట్కాలు పోయి రిక్షాలొచ్చేసరికి అయిదు వేలు. సుడి కూడా పెరిగి రూపాయి బిళ్ళంత అయింది. ఆఖరి రోజుల్లో మనవలకి చెబుతుంటే విన్నాను, పది వేలు దాటిపోయింది. కానీ మనిషి నిజాయితీపరుడు నాయనా. నేను ఎదురుగా కూర్చుని ఉంటే, ఓసారి నా వంక చూసి, అయిదొందలు తగ్గించి చెప్పేవాడు.